మీరు చదివిన నవల ఎలా ఉన్నది?

పిల్లలూ, ఈ గొడవ మీ ఇంట్లో ఎన్నోసార్లు జరిగే ఉంటుంది. అన్న ఒక నవల చదవటం ముగించి, "అబ్బ! ఎంత బాగున్నదో!" అంటాడు. అదే నవల నిన్న చదివిన చెల్లెలు మూతి ముడిచి, "ఏం బాగు? నాకు నిద్ర వచ్చింది," అంటుంది. ఇక వాదన మొదలవుతుంది. "నీకేం తెలుసు?" అంటే "నీకేం తెలుసు?" అనుకుంటారు. చివరకు ఇద్దరూ తీర్పు కోసం అమ్మ దగ్గిరికి పరిగెత్తుతారు. అమ్మ పొయ్యి మీద కూర కలుపుతూ, "నేను చదివితే కదా చెప్పటానికి! ముందు అన్నాలకు రండి," అంటుంది.

ఇంతకూ ఆ అన్నాచెల్లెళ్ళలో ఎవరి మాట నిజం? అసలు బడికి వెళ్ళే పిల్లలూ, ఇంటి పని చేసుకునే తల్లులూ, ఆఫీసు నుంచి వచ్చి పుస్తకం పట్టుకునే తండ్రులూ, అంటే మనబోటి మామూలు పాఠకులు, "ఇది బాగున్నది, ఇది బాగా లేదు" అంటే ఆ మాటకు విలువ ఉన్నదా? అది పండితులు తేల్చవలసిన సంగతి కాదా?

దీనికి నేను జవాబు చెప్పను. నిజంగా జరిగిన సంగతులు కొన్ని చెబుతాను. అవి చదివి జవాబు మీరే చెప్పండి.

లండను నగరంలో స్టాన్లీ అన్విన్ అనే పుస్తక ప్రచురణకర్త ఉండేవాడు. రచయితలు తాము రాసినవి ఆయనకు పంపేవారు. వాటిలో దేన్ని అచ్చు వేయాలో, దేన్ని తిప్పి పంపాలో ఆయన నిర్ణయించాలి. పుస్తకం అచ్చు వేయటమంటే మాటలా? కాయితానికి డబ్బు, అచ్చుకు డబ్బు, బైండింగుకు డబ్బు. తీరా పుస్తకం అమ్ముడు పోకపోతే అదంతా నష్టమే.

పిల్లల పుస్తకం బాగున్నదో లేదో పిల్లలే సరిగా చెప్పగలరని అన్విన్ నమ్మకం. అంచేత పిల్లల కోసం రాసిన కథ ఏదైనా వస్తే ఆయన దాన్ని తన కొడుకు రేనర్ చేతికిచ్చేవాడు. రేనర్ దాన్ని చదివి, తన అభిప్రాయం కాయితం మీద రాసి ఇవ్వాలి. అందుకు తండ్రి ఇచ్చే కూలి ఒక షిల్లింగు. ఆ రోజుల్లో ఇరవై షిల్లింగులైతే ఒక పౌను.

1936 లో ఆయన వద్దకు ఒక రాతప్రతి వచ్చింది. రాసినవాడు టోల్కిన్ అనే ప్రొఫెసరు. ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పాతకాలపు ఇంగ్లీషు భాష బోధించేవాడు. ఒకసారి ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతూంటే ఎవరో విద్యార్థి ఒక పేజీ ఖాళీగా వదిలేసి కనిపించాడట. దిద్ది దిద్ది విసుగెత్తి ఉన్న టోల్కిన్ ఆ ఖాళీ పేజీ మీద తనకు తోచిన వాక్యం ఒకటి రాశాడు. అది నేలలో బొరియ చేసుకుని కాపరముండే ఒక వింత జీవిని గురించిన వాక్యం. ఆ వాక్యమే పెరిగి పెరిగి, "హాబిట్" అనే నవల అయింది.

రేనర్‌కు అప్పుడు పదేళ్ళు. అతను ఆ నవల చదివి, అక్టోబరు 30 వ తేదీన తన అభిప్రాయం రాశాడు. అది ఒక కాయితానికి మించలేదు. అందులో కొన్ని అక్షరదోషాలు కూడా ఉన్నాయి! ముందు కథ ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇంట్లో హాయిగా ఉండే బిల్బో అనేవాణ్ణి ఒక మాంత్రికుడూ, కొందరు మరుగుజ్జులూ కలిసి ప్రయాణానికి బయలుదేరదీశారనీ, దారిలో ఎన్ని ఆపదలు వచ్చాయనీ రాశాడు. చివరకు ఏమయిందో కూడా రాశాడు కాని, అది మీకు నేను చెప్పను. ఆ తరవాత తన అభిప్రాయం రాశాడు. పుస్తకంలో దేశపటాలున్నాయి కనక బొమ్మలు అక్కర్లేదన్నాడు. కథ బాగున్నదన్నాడు. అయిదేళ్ళు మొదలు తొమ్మిదేళ్ళ వరకు గల పిల్లలందరికీ ఇది నచ్చుతుందన్నాడు. తాను పదేళ్ళవాడు గదా, ఇలాటి కథల వయస్సు దాటిపోయాననుకున్నాడు కాబోలు!

తండ్రి షిల్లింగు ఇచ్చాడు. నవల అచ్చుకు వెళ్ళింది. 1937 సెప్టెంబరు 21 న ఆ పుస్తకం వెలువడింది. మొదట అచ్చువేసినవి 1500 ప్రతులు. డిసెంబరు కల్లా అవన్నీ చెల్లిపోయి, మళ్ళీ అచ్చు వేయవలసి వచ్చింది. ఆ నవల ఈనాటికీ ప్రపంచంలో ఎన్నో భాషల్లో అచ్చవుతూనే ఉన్నది.

మరి రేనర్ చెప్పినవన్నీ సరి అయినవేనా? కావు. బొమ్మలు అక్కర్లేదన్నాడు, టోల్కిన్ స్వయంగా గీసిన బొమ్మలతోనే పుస్తకం వచ్చింది. తొమ్మిదేళ్ళ వారి దాకానే అన్నాడు, దాన్ని తాతలు కూడా చదువుతున్నారు. కాని అసలు సంగతి, అంటే కథ బాగున్నదన్నది, ఆ కుర్రవాడు సరిగానే పట్టుకున్నాడు.

ఈ కథ ఇక్కడితో ముగియలేదు. రేనర్ పెద్దవాడై తండ్రి కంపెనీలోనే పనికి కుదిరాడు. టోల్కిన్ అదే లోకాన్ని గురించి "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అనే మహా పెద్ద నవల రాశాడు. అంత లావు పుస్తకం అచ్చు వేస్తే వెయ్యి పౌన్ల దాకా నష్టం వచ్చేటట్టు కనిపించింది. 1952 లో రేనర్, విదేశంలో ఉన్న తండ్రికి ఆ మాటే రాశాడు. అది నిజంగా గొప్ప రచన అని నీకు నమ్మకముంటే వెయ్యి పౌన్లు పోగొట్టవచ్చునని తండ్రి జవాబు రాశాడు. పదేళ్ళ వయస్సులో ఒక్క షిల్లింగుకు చెప్పిన అభిప్రాయం మీద ఉన్న గౌరవమే వెయ్యి పౌన్ల మీద కూడా నిలిచిందన్నమాట. ఆ నవల మూడు భాగాలుగా 1954 లోనూ, 1955 లోనూ వచ్చింది. వెయ్యి పౌన్లు పోలేదు సరికదా, ఆ కంపెనీకి అది పెద్ద నిధి అయింది.

ఇంకొక సంగతి వినండి. ఇది రెండు వందల ఏళ్ళ కిందటి మాట.

ఇంగ్లండులో హాంప్‌షైర్ అనే ప్రాంతంలో చాటన్ అనే పల్లె ఉన్నది. అక్కడ జేన్ ఆస్టిన్ అనే ఆమె తల్లితోనూ, అక్కతోనూ కలిసి ఉండేది. ఆమె నవలలు రాసేది. కాని వాటి మీద తన పేరు వేసుకునేది కాదు. మొదటి నవల మీద "ఒక స్త్రీ రాసినది" అని మాత్రమే ఉండేది. ఈనాడు ప్రపంచమంతా చదివే నవలా రచయిత్రులలో ఆమె ఒకతె.

1814 లో ఆమె రాసిన "మాన్స్‌ఫీల్డ్ పార్క్" అనే నవల వచ్చింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో "ఎమ్మా" వచ్చింది. అప్పుడామె ఒక తమాషా పని చేసింది. ఇంటివారూ, చుట్టాలూ, స్నేహితులూ ఆ నవలలను గురించి ఏమేమి అన్నారో అదంతా తన చేత్తో కాయితాల మీద రాసి పెట్టుకున్నది. పొగిడిన మాటలే రాసుకుని ఉంటుందనుకుంటున్నారా? కాదు. తెగిడిన మాటలు కూడా అంత శ్రద్ధగానూ రాసుకున్నది.

"మాన్స్‌ఫీల్డ్ పార్క్" కథానాయిక పేరు ఫానీ. నెమ్మది పిల్ల. జేన్ సొంత తల్లికే ఆ పిల్ల చప్పగా తోచింది! అక్కకు మాత్రం ఫానీ అంటే ఇష్టం. జేన్ మేనల్లుళ్ళు, అంటే ఆమె అన్న కొడుకులు, ఎడ్వర్డు, జార్జి అని ఇద్దరుండేవారు. ఎడ్వర్డుకు ఫానీ ఎంతో నచ్చింది. జార్జికి బొత్తిగా నచ్చలేదు. చూశారా! రెండు వందల ఏళ్ళ కిందటే, కథ రాసిన మేనత్త ఎదటనే, అన్నదమ్ములు మీలాగే వాదులాడుకున్నారన్నమాట. ఎడ్వర్డు ఇంకొక మాట కూడా అన్నాడు. కథలో ఒకడు ఒక చోట చేసిన పని అతని స్వభావానికి తగినట్టు లేదన్నాడు. మేనత్త అది కూడా రాసుకున్నది.

"ఎమ్మా" సంగతి ఇంకా తమాషాగా ఉన్నది. ఆ రోజుల్లో జెఫ్రీ అనే పేరుగల విమర్శకుడు ఉండేవాడు. ఆయన ఏ పుస్తకాన్నీ ఓ పట్టాన మెచ్చుకునేవాడు కాడు. ఆ నవల ఆయనను మూడు రాత్రులు మేలుకునేటట్టు చేసిందట. ఒకామె, ఈ కథ మరీ సహజంగా ఉన్నది, అందుకే రుచించలేదన్నది. ఇంకొకాయన, నవల బాగా లేదని ఎవరో చెప్పగా విని, మొదటి అధ్యాయమూ, చివరి అధ్యాయమూ మాత్రం చదివి ఊరుకున్నాడు! జేన్ ఇవన్నీ వరసగా రాసింది. కింద తన సమాధానం ఒక్కటి కూడా రాయలేదు. "వీడికేం తెలుసు?" అని ఎవరినీ దెప్పలేదు. ఆ కాయితాలు ఈనాటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

ఇందులో మనకొక సంగతి తెలుస్తున్నది. ఒకే పుస్తకం ఒకరికి తీపిగానూ, ఒకరికి చప్పగానూ ఉండవచ్చు. అందులో ఒకరి మాట అబద్ధం కానక్కరలేదు. అయితే, మొదటి అధ్యాయమూ, చివరి అధ్యాయమూ చదివినాయన మాటకూ, మొత్తం చదివి ఫలానా చోట ఫలానావాడి పని స్వభావానికి తగినట్టు లేదన్న ఎడ్వర్డు మాటకూ మాత్రం చాలా తేడా ఉన్నది. ఆ తేడా ఏమిటో మీరు ఆలోచించండి. మళ్ళీ దాని దగ్గిరికి వద్దాం.

పాఠకులకు కోపం వస్తే ఏమవుతుందో తెలుసునా? డిటెక్టివు షెర్లాక్ హోమ్స్ పేరు మీరు వినే ఉంటారు. అతన్ని సృష్టించినవాడు ఆర్థర్ కొనన్ డాయిల్ అనే వైద్యుడు. 1887 లో మొదటి నవల వచ్చింది. 1891 నుంచి హోమ్స్ కథలు "స్ట్రాండ్" అనే మాసపత్రికలో వస్తూంటే జనం విరగబడి చదివారు. కాని డాయిల్‌కు హోమ్స్ అంటే మొహం మొత్తింది. తాను రాసే చారిత్రక నవలలే గొప్పవని ఆయన నమ్మకం. అందుకని 1893 డిసెంబరు కథలో హోమ్స్‌ను స్విట్జర్లండులోని ఒక జలపాతం దగ్గిర చంపేశాడు.

వెంటనే పాఠకుల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకామె అయితే ఉత్తరం మొదట్లోనే డాయిల్‌ను పశువుతో పోల్చి తిట్టిందట! ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. డాయిల్ ఎనిమిదేళ్ళ పాటు చలించలేదు. 1901 లో హోమ్స్‌తో "హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్" అనే నవల మొదలు పెట్టాడు. అయితే అది చావుకు ముందు జరిగిన కథ అన్నాడు. ఆఖరుకు 1903 లో, హోమ్స్ అసలు చావనే లేదని కొత్త కథ రాసి, అతన్ని వెనక్కు తీసుకువచ్చాడు.

అయితే ఒకటి గమనించండి. "చచ్చినవాణ్ణి బతికించు," అని అడగటం వేరు, "ఈ పుస్తకంలో ఒక అన్యాయం జరిగింది," అని చెప్పటం వేరు. మొదటిది మన ముచ్చట. రెండవది చెప్పటానికి ధైర్యం కావాలి. అటువంటి ధైర్యం చూపిన ఒక తల్లి కథ ఇప్పుడు చెబుతాను.

ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ అనే మహా రచయిత ఉండేవాడు. ఆయన నవలలు చాలావరకు నెలనెలా భాగాలుగా వచ్చేవి. కొత్త భాగం ఎప్పుడు వస్తుందా అని జనం కాచుకుని ఉండేవారు. చదువు రానివారు చదివించుకుని వినేవారు. 1837 లో మొదలైన "ఆలివర్ ట్విస్ట్" అనే నవలలో ఫేగిన్ అనేవాడున్నాడు. వాడు దిక్కులేని పిల్లలను చేరదీసి, జేబులు కొట్టటం నేర్పుతాడు. అటువంటి దుర్మార్గుడు కథలో ఉండటం తప్పు కాదు. కాని ఫేగిన్ యూదుడు. డికెన్స్ అనేక చోట్ల వాణ్ణి పేరు పెట్టి చెప్పక, "యూదుడు" "యూదుడు" అనే రాశాడు. "యూదుడు నవ్వాడు," "యూదుడు కత్తి తీశాడు," అన్న ధోరణిలో పుస్తకం సాగింది.

ఆ కాలంలో ఇంగ్లండులో యూదులు కొద్దిమంది. వారిని చాలామంది చిన్నచూపు చూసేవారు. 1858 దాకా యూదు మతస్థుడు తన మతం ప్రకారం ప్రమాణం చేసి పార్లమెంటులో కూర్చోవటానికి కూడా వీలుండేది కాదు. అటువంటప్పుడు దేశమంతా చదివే నవల అలా రాస్తే, బడిలో యూదుల పిల్లవాణ్ణి తోటి పిల్లలు ఏమని వెక్కిరిస్తారో మీరే ఊహించండి.

1860 లో డికెన్స్ లండనులో ఉన్న తన ఇల్లు డేవిస్ అనే యూదు దంపతులకు అమ్మాడు. వాళ్ళు బేరంలో ఎంతో మర్యాదగా వ్యవహరించారని ఆయనే మెచ్చుకున్నాడు. మూడేళ్ళ తరవాత, 1863 లో, ఆ ఇంటి ఇల్లాలు ఎలైజా డేవిస్ ఆయనకు ఒక ఉత్తరం రాసింది. యూదులలో పేదవారి కోసం జరిగే ఒక మంచి పనికి చందా ఇమ్మని కోరుతూ, మనసులో మాట కూడా చెప్పింది. పేదల పక్షాన అంత బాగా రాసే మీరు, ఫేగిన్‌ను అలా చిత్రించి మా జాతికి గొప్ప అన్యాయం చేశారన్నది.

ఆలోచించండి. ఆమె రచయిత్రి కాదు, పండితురాలు కాదు. ఆయన దేశమంతా తలకెత్తుకున్న రచయిత. డికెన్స్ చందా పంపాడు. కాని తప్పు ఒప్పుకోలేదు. ఆ కథాకాలంలో అటువంటి నేరాలు చేసేవారు యూదులే అయి ఉండేవారనీ, ఆ పుస్తకంలో మిగిలిన దుర్మార్గులంతా క్రైస్తవులే గదా అనీ జవాబు రాశాడు.

మరొకరైతే అంతటితో ఊరుకునేవారు. ఎలైజా డేవిస్ ఊరుకోలేదు. కోపంతో తిట్టనూ లేదు. పుస్తకం నుంచే సమాధానం చెప్పింది. క్రైస్తవులలో దుర్మార్గులు ఉన్నారన్న మాట నిజమే. కాని వారి పక్కనే మంచి క్రైస్తవులు కూడా ఆ కథలో ఉన్నారు. యూదుడంటే మాత్రం ఫేగిన్ ఒక్కడే! మా వాళ్ళలో మంచివాడనేవాడు పుస్తకం మొత్తంలో కనిపించడు. ఆమె వాదన సారాంశం ఇదే.

డికెన్స్ దీనికి ఏం చేశాడో చూడండి. 1864 లో ఆయన "అవర్ మ్యూచువల్ ఫ్రెండ్" అనే కొత్త నవల నెలనెలా రాయటం మొదలు పెట్టాడు. అందులో రాయా అనే ముసలి యూదుడున్నాడు. అతను దయగలవాడు. కష్టంలో ఉన్న ఆడపిల్లలకు సాయం చేస్తాడు. వడ్డీల పేర జనాన్ని పీడించేది అతని యజమాని అయిన క్రైస్తవుడు, నింద పడేది రాయా మీద. ఇతర జాతులలో ఒకడు చెడ్డవాడైతే వాడొక్కడే చెడ్డవాడంటారు, మాలో ఒకడు చెడితే అందరూ అటువంటివారే అంటారని రాయా ఒక చోట బాధపడతాడు. ఎలైజా డేవిస్ చెప్పిన మాటకు ఇది ఎంత దగ్గిరగా ఉన్నదో చూశారా?

అంతేకాదు. 1867 లో "ఆలివర్ ట్విస్ట్" మళ్ళీ అచ్చు వేసేటప్పుడు డికెన్స్ కలం పట్టుకుని కూర్చుని, "యూదుడు" అన్న మాట చాలా చోట్ల కొట్టివేసి, "ఫేగిన్" అనో "అతను" అనో దిద్దాడు. దుర్మార్గుడు దుర్మార్గుడుగానే మిగిలాడు. కాని వాడి చెడ్డతనం వాడొక్కడిదే అయింది. ఆ సంవత్సరమే ఎలైజా డేవిస్ కృతజ్ఞతతో ఆయనకు హీబ్రూ, ఇంగ్లీషు భాషలు రెండూ ఉన్న ఒక బైబిలును బహూకరించింది. ముప్ఫయి ఏళ్ళ కిందట రాసిన పుస్తకాన్ని, అంత పేరు వచ్చిన తరవాత, ఒక పాఠకురాలి మాట మీద దిద్దుకున్నాడంటే అది డికెన్స్ గొప్పతనం కూడా కాదా?

ఆయన అలా చేయటం ఇది మొదటిసారి కాదు. 1849 లో "డేవిడ్ కాపర్‌ఫీల్డ్" భాగాలుగా వస్తున్నప్పుడు అందులో ఒక పొట్టి స్త్రీ పాత్ర వచ్చింది. చాలా పొట్టిగా ఉండే ఒకామె అది చదివి, నన్నే చూసి రాశారు, నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నానని డికెన్స్‌కు ఉత్తరం రాసింది. డికెన్స్ నొచ్చుకుని, చెడ్డదిగా మలచదలచిన ఆ పాత్రను తరవాతి భాగాలలో మంచిదిగా మార్చివేశాడు.

కథలలో కుంటికాలుగాని, మెల్లకన్నుగాని ఉన్నవాడే దుష్టుడుగా కనిపించటం మీరు చూసి ఉంటారు. పలానా కులంవాళ్ళు పిసినారులనీ, పలానా ఊరివాళ్ళు వెర్రివాళ్ళనీ రాసిన కథలు కూడా చదివి ఉంటారు. అందరూ నవ్వుతూంటే మీ తరగతిలో ఒక్క పిల్లవాడు మాత్రం తల వంచుకుని కూర్చుంటాడు. అప్పుడు "ఈ కథ నాకు నచ్చలేదు, ఎందుకంటే..." అని లేచి చెప్పగలవాడు ఎలైజా డేవిస్‌కు వారసుడు.

"ఇవన్నీ దేశాంతరపు సంగతులు. మన తెలుగు మాటేమిటి?" అంటారేమో. మనం ఇంత సేపూ "నవల", "నవల" అంటున్నాం గదా, అసలు ఆ మాట ఎక్కడిదో తెలుసునా? కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాసిన "రాజశేఖర చరిత్రము" 1880 లో పుస్తకంగా వచ్చింది. అందులో కథ గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో మొదలవుతుంది. పంతులుగారు దాన్ని "వచన ప్రబంధము" అన్నారు. ఆ పుస్తకాన్ని గురించి తన అభిప్రాయం రాస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు "నవల" అనే మాట వాడారు. ఆ మాటే తెలుగులో నిలిచిపోయింది. అంటే, మనకు "నవల" అన్న పేరు ఇచ్చింది నవల రాసిన ఆయన కాదు, చదివి అభిప్రాయం చెప్పిన ఆయన!

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. అభిప్రాయం ఎలా చెప్పాలి?

మొదటిది, పుస్తకం పూర్తిగా చదవాలి. అట్ట చూసీ, ఎవరో అన్నది వినీ చెప్పేది మన అభిప్రాయం కాదు. చదవటం మధ్యలో మానేస్తే, "ఇంత వరకు చదివాను, ఇందుకు మానేశాను," అని నిజం చెప్పాలి.

రెండవది, కథ ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. కాని కథ ముగింపు చెప్పకూడదు. రేనర్ తండ్రికి ముగింపు చెప్పాడంటే అది ప్రచురణకర్తకు తెలియాలి కనక. మీరు చదవబోయే స్నేహితుడికి చెబితే, వాడి పళ్ళెంలో లడ్డు మీరు తిన్నట్టే!

మూడవది, ముఖ్యమైనది, "ఎందుకు" అన్నదానికి జవాబు పుస్తకంలో నుంచి చూపాలి. స్టీవెన్‌సన్ రాసిన "ట్రెజర్ ఐలండ్" ఉన్నది. నండూరి రామమోహనరావుగారు దాన్ని "కాంచన ద్వీపం" అని తెలుగు చేశారు. అది చదివి, "భలే ఉన్నది," అంటే విన్నవాడికి ఏమీ తెలియదు. "ఒంటికాలు సిల్వర్ దొంగ అని తెలిసిన తరవాత కూడా నాకు వాడంటే పూర్తిగా అసహ్యం కలగలేదు. ఎందుకంటే మిగిలిన దొంగలు జిమ్‌ను చంపబోతే అడ్డుపడ్డది వాడే. వాడు మంచివాడా, చెడ్డవాడా అని పుస్తకం మూసినాక కూడా ఆలోచించాను," అన్నారనుకోండి. అప్పుడు విన్నవాడికి ఆ పుస్తకం తెచ్చి చదవాలనిపిస్తుంది. ఇద్దరూ చదివి ఉంటే మంచి సంభాషణ సాగుతుంది.

నాలుగవది, "నాకు నచ్చలేదు" అన్నదీ, "బాగా లేదు" అన్నదీ ఒకటి కాదు. కాకరకాయ మీకు గిట్టకపోవచ్చు. అంతమాత్రాన అమ్మ వండిన కాకరకాయ కూర పాడయినట్టు కాదు గదా.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లలు ఒక పుస్తకం చదివి ఏదైనా అంటే, "నీకేం తెలుసు?" అనకండి. "ఎందుకని?" అని అడగండి. అన్విన్ తన కొడుక్కి ఇచ్చినది షిల్లింగు మాత్రమే కాదు, తన మాట వింటారన్న నమ్మకం. షిల్లింగు ఖర్చయిపోయి ఉంటుంది. నమ్మకం మిగిలింది.

పిల్లలూ, ఈసారి నవల చదవటం ముగించగానే ఒక నోటుబుక్కు తీసి, తేదీ వేసి, పుస్తకం పేరూ, రచయిత పేరూ రాసి, మీ అభిప్రాయం పది పంక్తులలో రాయండి. అదే నవల మీ అన్ననో, చెల్లెలినో, అమ్మనో కూడా చదివి రాయమనండి. ఒకరు రాసినది ఒకరు చూడకుండా రాయాలి సుమా! తరవాత అన్నీ పైకి చదవండి. ఏడాది పోయాక ఆ నవల మళ్ళీ చదివి, నిరుడు మీరు రాసినది మీరే చూడండి. కొన్ని చోట్ల మీతో మీకే పేచీ వస్తుంది.

ఇంతకూ ఆ అన్నాచెల్లెళ్ళలో ఎవరి మాట నిజం? "ఎందుకు" అని అడిగినప్పుడు పుస్తకం తెరిచి, చోటు చూపించి చెప్పగలిగినవారి మాటకు విలువ ఎక్కువ. ఇద్దరూ చూపించగలిగితే? ఇక ఆ రాత్రి అన్నాలు చల్లారిపోయినట్టే!